అక్షరం లేని బకెట్

మాంటివిడియోలో, చట్టసభల పాలరాతి భవనంలో,
సెనేట్‌కీ ప్రతినిధుల సభకీ నడుమనున్న పెద్ద హాలుని
పోగొట్టుకున్న అడుగుల హాలంటారు.
నా అడుగులు ఎక్కడికీ పోలేదు.
ఆ హాలు కిందే ఉన్నాయి,
పందొమ్మిదేళ్ళుగా, సర్వర్ల గదిలో.

ఇక్కడ కుర్చీకి కూడా ఇంటిపేరుంటుంది.
రేకుబిళ్ళ మీద ‘ఎసె’ ఉంటే సెనేట్‌ది,
‘దె’ ఉంటే డిపుటీలది.
ఏసీ డిపుటీలు కొన్నారు,
కరెంటు సెనేట్ కడుతుంది.
గొట్టం గోడలో ఉంది. గోడ ఎవరిదో తేల్చాల్సిన సంఘం
ఆఖరిసారి కూర్చున్నప్పుడు
నా కూతురికి పాలపళ్ళు ఊడుతున్నాయి.
ఇప్పుడది కారు నడుపుతోంది.

గొట్టం కారుతుంది.
కింద నీలం బకెట్.
చల్లటి గాలి మెకానిక్కు ఉలిసెస్ పెలుఫో
ఆదివారం సంతలో బేరమాడి, సొంత డబ్బుతో కొన్నాడు.
భవనం మొత్తానికి అక్షరం లేని వస్తువు అదొక్కటే.

రెండిళ్ళ చుట్టానికి పస్తే.
మా యంత్రంలో ఒకే బిల్లుకి రెండు నంబర్లు, రెండు పక్కలు.
పోయిన జూలైలో జాలర్ల పింఛను బిల్లు
ఆ చివర కామాతో బయల్దేరి
ఈ చివరికి కామా లేకుండా చేరింది.
రోచా తీరాన పడవల వాళ్ళ ఇళ్ళలో
నాలుగు నెలలు ఆ కామా కోసం ఎదురుచూశారు.
తప్పెవరిదని అడిగితే
రెండు సభలూ చెరోవైపు నుంచి వేలు చూపించాయి.
ఆ రెండు వేళ్ళూ కలిసే చోట, మెట్ల కింద,
నెల్బా ఎచెవెర్రి అనే నేను
చల్లారిన మాతే తాగుతున్నాను.

అప్పుడు పుట్టింది సంస్కరణ.
ఉమ్మడి వాటన్నిటికీ ఒకటే మండలి:
అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఐదో మనిషి ఒకరు.
ఆ ఐదో కుర్చీ దగ్గర పదకొండు నెలలు ఆగింది.
ముప్ఫై మంది ఉన్న సభ ‘సమానం’ అంది,
తొంభైతొమ్మిది మంది ఉన్న సభ ‘లెక్క’ అంది.
రెండూ మంచి మాటలే.
రెండు మంచి మాటల మధ్య
చినుకు పడుతూనే ఉంది.

సాక్ష్యానికి ఉలిసెస్‌ని పిలిచారు.
ఇస్త్రీ చొక్కా, చంకలో థర్మాసు,
చేతిలో బకెట్.
తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు, తొణికింది,
ఎవరి ఫైలో తడిసింది.
‘‘ఇది ఎవరి ఆస్తి?’’ అంది సెనేటర్ డెల్మిరా ఉర్రుతియా.
‘‘బకెట్ నాదమ్మా. నీళ్ళు మీవి.’’
‘‘ఎంతసేపటికి నిండుతుంది?’’
‘‘జనవరిలో మూడు గంటలకి.
బడ్జెట్ చర్చ రోజుల్లో ఇంకా తొందరగా.
మీరు ఎంత మాట్లాడితే యంత్రం అంత వేడెక్కుతుంది.’’
ముందు ఎవరూ నవ్వలేదు.
తర్వాత నవ్వారు.
ఆ నవ్వుకి ఏ బిళ్ళ కొట్టాలో
గుమాస్తాకి తెలియలేదు.

చట్టం అయింది, సగం అయింది.
ఐదో కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు,
మాట ఉంది, ఓటు లేదు,
పద్దెనిమిది నెలలు చూద్దామన్నారు.
మొదటి సమావేశంలో గోడ ఇద్దరిదీ అని తేలింది.
గొట్టం టెండరు మార్చిలో తెరుస్తారట.
కొత్త బిళ్ళలొచ్చాయి, ‘సె’ అని,
కొమూన్‌కి మొదటి అక్షరం. ఉమ్మడి.

ఉలిసెస్ మొదటిది తెచ్చి బకెట్‌కి అంటించబోయాడు.
తడి మీద జిగురు పట్టలేదు.
ఒంపాలి, తుడవాలి,
కాసేపు ఆరనివ్వాలి.
అది ఆరేదాకా
గొట్టం కింద నేను
దోసిలి పట్టి నిలబడ్డాను.